ఇంకొకరి గొంతులో మన కథ

పిల్లల కథలు రాసేవాళ్ళకి దొరకనిది ఒకటుంది. తిరిగి జవాబు చెప్పే పాఠకుడు. పెద్దల కథ అచ్చయితే ఎక్కడో ఓ సమీక్ష వస్తుంది, ఏదో సభలో ఎవరో తప్పుబడతారు, నాలుగు ఫోన్లొస్తాయి. ఎనిమిదేళ్ళ పాప మన కథ చదివి ఉత్తరం రాయదు. నచ్చితే మళ్ళీ చెప్పమని అడుగుతుంది, నచ్చకపోతే మధ్యలోనే లేచి ఆటకి పోతుంది. ఆ లేచిపోవడం మన కంటపడదు. ఆదివారం అనుబంధంలో ఓ మూల అచ్చయిన కథని ఆ పాప ఏ వాక్యం దగ్గర వదిలేసిందో తెలుసుకునే దారే లేదు మనకి.

అందుకే ఈ పనిలో ఉన్నవాళ్ళకి ఇదే పనిలో ఉన్న మరొకరు కావాలి. పొగడడానికి మనుషులు ఎక్కడైనా దొరుకుతారు. ఇన్నేళ్ళ రాతలో నాకు గట్టిగా అర్థమైంది ఇదీ: పిల్లల రచయితకి తోటి రచయిత చేయగలిగిన అసలు సాయం, ఆ కథని చేతిలోకి తీసుకుని తన గొంతుతో పైకి చదివి వినిపించడం.

మా బుచ్చిరెడ్డిపాలెంలో, అంటే మా నోట బుచ్చిలో, మేం కొందరం అప్పుడప్పుడూ కలుస్తుంటాం. పేరూ బోర్డూ ఏమీ లేవు. ఎవరో ఒకరింటి వరండాలో నాలుగు కుర్చీలు, ఒక చాప, మధ్యలో టీ. మాకున్న నియమం ఒక్కటే. ఎవరు రాసింది వాళ్ళు చదవకూడదు, పక్కవాళ్ళు చదవాలి. రాసినవాళ్ళు చదివితే కాగితం మీద లేనిదంతా గొంతులో వచ్చేస్తుంది. పులి వచ్చిన చోట గొంతు తగ్గిస్తారు, నవ్వు రావలసిన చోట ముందే నవ్వుతారు, ఒక వాక్యం కుంటుతుంటే చేత్తో సైగచేసి దాటించేస్తారు. కథ పత్రికకి వెళ్ళాక ఆ గొంతు వెంట వెళ్ళదు కదా. పక్కవాళ్ళు తొలిసారి చూసుకుంటూ చదివితే ఉన్నది ఉన్నట్టు బయటపడుతుంది. ‘రాజు ఆశ్చర్యచకితుడయ్యాడు’ అన్న దగ్గర మాలో ఉన్న రిటైరైన తెలుగు మాస్టారి నాలుకే ఒక్క క్షణం ఆగిందనుకోండి, మూడో తరగతి పిల్లాడి సంగతి చెప్పనక్కర్లేదు. ‘రాజు నోరు తెరిచాడు’ అంటే చాలు. ఈ సవరణ ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు. ఆ తడబాటు విన్న రచయితే కలం తీస్తారు.

మా దాంట్లో కొత్తగా చేరిన ఒక టీచరమ్మ ఉంది. పక్క ఊళ్ళో ఎలిమెంటరీ స్కూల్లో పని. ఆమె తెచ్చిన కథలో ఒక గేదె దూడ కనిగిరి రిజర్వాయర్ కాలవలో పడిపోతుంది. ఒక పిల్లాడు పలుపుతాడు వేసి, కాళ్ళు గట్టుకి తన్నిపెట్టి, దాన్ని పైకి లాగుతాడు. మాస్టారు చదివారు. బురద, తాడు, కాలవ ఒరవడి అన్నీ కళ్ళకి కట్టాయి. మాకందరికీ నచ్చింది. అక్కడితో వదిలేసినా వదిలేద్దుము. కానీ మాస్టారు ఆ కాగితాలు అడిగి తీసుకెళ్ళి, వాళ్ళ వీధి పిల్లల్ని కూచోబెట్టి మళ్ళీ చదివారు. అయిపోగానే ఒక పిల్లాడు అడిగాడట.

“దూడ నీళ్ళల్లో పడితే వాళ్ళమ్మ యాడికి బోయింది సార్?”

మేం పెద్దవాళ్ళం ఎవ్వరం అడగలేదా మాట. తర్వాత కలిసినప్పుడు మాస్టారు ఆ ప్రశ్నని ఉన్నదున్నట్టు టీచరమ్మకి అప్పజెప్పారు. “అమ్మా, ఒకడిట్టా అడిగాడు” అన్నారు, అంతే. ఇలా మార్చు, అలా మార్చు అని ఒక్క మాట కూడా కలపలేదు. ఆమె వారంలో తిరగరాసి తెచ్చింది. ఇప్పుడా కథలో తల్లి గేదె గట్టు మీదే ఉంది. బెదిరిపోయి, కొమ్ములు విసురుతూ, ఎవర్నీ దగ్గరికి రానివ్వడం లేదు. పిల్లాడు దూడ దగ్గరికి పోవాలంటే ముందు తల్లిని ఊరుకోబెట్టాలి. రోజూ ఇంట్లో కుడితి పెట్టేటప్పుడు పిలిచే పిలుపుతో దాన్ని పిలుస్తాడు. కథలో బలమంతా ఆ పిలుపులోకి వచ్చేసింది. మొదటి కథలో ఉన్నది సాహసం. రెండోదాంట్లో సాహసంతో పాటు ఒక చిన్న చెయ్యీ ఒక పెద్ద పశువూ ఒకరినొకరు నమ్మడం ఉంది. ఆ ప్రశ్న మోసుకొచ్చి, జవాబు రాసినామెకే వదిలిపెట్టిన మాస్టారి పద్ధతి చూడండి, స్నేహం అంటే నాకు కనిపించేది అదే.

ఈ పైకి చదవడం మేం కనిపెట్టిందేమీ కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో టోల్కీన్, సి.ఎస్. లూయిస్ తమ మిత్రబృందంతో లూయిస్ గదిలో కూచుని రాతప్రతులు చదివి వినిపించుకునేవారు. టోల్కీన్ ‘ది హాబిట్’ని అచ్చుకి ముందే చదివిన కొద్దిమందిలో లూయిస్ ఒకడు. 1937లో పుస్తకం వచ్చాక దాని మీద సమీక్ష కూడా రాశాడు. ఆ తర్వాత లూయిస్ నార్నియా కథలు మొదలుపెడితే టోల్కీన్‌కి అవి నచ్చలేదు. నచ్చలేదనే చెప్పాడు. ఆ సమయంలో ముందుకి సాగమని వెన్నుతట్టింది రోజర్ లాన్సిలిన్ గ్రీన్ అనే మరో పిల్లల రచయిత. 1950లో మొదటి నార్నియా పుస్తకం వచ్చింది. ఎంత దగ్గరి స్నేహితుడైనా మన ప్రతి కథకీ సరైన శ్రోత కాకపోవచ్చు. ఒక్కరి మీదే ఆధారపడకుండా ఇద్దరు ముగ్గురు ఉండాలనడం అందుకే.

మన దగ్గర అలాంటి బలగం కట్టింది న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అంటేనే జనానికి తెలుస్తుంది. 1945లో మద్రాసులో ‘బాల’ పత్రిక పెట్టి, పిల్లలు రాసినవీ గీసినవీ కూడా అచ్చేశారు. ముళ్లపూడి వెంకటరమణ తొలి కథ ‘అమ్మ మాట వినకపోతే’ వచ్చింది అందులోనే. బాపు బొమ్మలూ ఆ రోజుల్లోనే అక్కడ మొదలయ్యాయి. మైలాపూరు పి.ఎస్. హైస్కూల్లో కలిసిన కుర్రాళ్ళు వాళ్ళు. ఆ జోడీని మనం ఎక్కువగా సినిమాల వైపు నుంచి తలుచుకుంటాం కానీ, దాని వేరు ఉన్నది ఒక పిల్లల పత్రికలో. తర్వాత పదేళ్ళకి రమణ ‘బుడుగు’ రాస్తే దానికి బాపు బొమ్మ వేశాడు. బొమ్మ తీసేసి బుడుగుని ఊహించుకోండి చూద్దాం, కుదరదు. ఒకడి మాట రెండోవాడి గీతలో వినిపించడం కూడా ఇంకొకరి గొంతులో మన కథ వినడం లాంటిదే.

1947 జూలైలో మొదలైన ‘చందమామ’ది ఇంకో పద్ధతి. 1952 నుంచి 1980లో పోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు ఆ పత్రికని నడిపించాడు. అందులో చాలా ఏళ్ళు సంపాదకుడిగా అచ్చయిన పేరు చక్రపాణిది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కథలన్నిటినీ కొ.కు. కూచుని తిరగరాసేవాడు. తన కథ అలా మారిపోతే నొచ్చుకున్న రచయితలు ఉండే ఉంటారు, అది సహజం. అయినా ఆ తిరగరాతని నేను గొప్ప సాయంగానే చూస్తాను. ఊరూరా ఉన్న మాస్టర్లూ గుమాస్తాలూ గృహిణులూ పంపిన కథలు ఆయన చేతుల్లో ఒకే తేటతెలుగులోకి వచ్చాయి. మా తరం చదవడం నేర్చుకున్నది ఆ తెలుగులో.

కానీ దానికి ఒక ఖరీదు పడింది. దాసరి సుబ్రహ్మణ్యం సంగతే తీసుకోండి. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ అంటూ వరసగా సీరియళ్ళు రాశాడు. చిత్రకారుడు చిత్రా బొమ్మలతో నెలనెలా ఊళ్ళన్నీ ఊపేశాడు. ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. ఆయన కథానాయకులు ఖడ్గవర్మా జీవదత్తుడూ తెలిసిన లక్షలమంది పిల్లలకి వాళ్ళని పుట్టించినవాడు తెలియదు. ఆయన 2010లో పోయాడు. ఆ సీరియళ్ళు ఆయన పేరు మీద పుస్తకాలుగా రావడం అభిమానులు పట్టుబట్టి చేసిన పని. అంతమంది చదివిన రచయితకి దశాబ్దాల తరబడి పేరు దక్కకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మా వరండాలో కథ మొదలుపెట్టేముందు రాసినవాళ్ళ పేరు పైకి చెప్పి మొదలుపెడతాం. స్కూళ్ళలో కథ చెప్పేవాళ్ళకి కూడా నేనదే చెబుతుంటాను. కథ ఎవరిదో చెప్పి చెప్పండి, పిల్లలకి పేర్లు బాగా గుర్తుంటాయి.

మా ఊరికీ పిల్లల సాహిత్యానికీ నేరుగా చుట్టరికం లేదంటారు కొందరు. నేనొప్పుకోను. 1907లో బుచ్చిరెడ్డిపాలెంలో పుట్టిన బెజవాడ గోపాలరెడ్డి శాంతినికేతన్ వెళ్ళి చదువుకున్నాడు. తర్వాత ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయినా, ఉత్తరప్రదేశ్‌కి గవర్నరు అయినా, ఠాగూర్‌ని తెలుగులోకి తెచ్చే పని వదల్లేదు. ఆయన గురువు ఠాగూర్ పిల్లల కోసం రాసినవాడు, ‘సహజ్ పాఠ్’ అనే వాచకం కూడా రాసినవాడు. ఆ ఠాగూర్‌కి తనకన్నా చాలా చిన్నవాడైన ఒక పిల్లల కవి మీద ప్రాణం. అతను సుకుమార్ రాయ్. కాలా అజార్‌తో మంచానపడి, తన పుస్తకం ‘ఆబోల్ తాబోల్’ ప్రూఫులు చూసుకుంటున్న సుకుమార్ దగ్గరికి 1923లో ఠాగూర్ వెళ్ళి, పక్కన కూచుని, తన పాటలు తనే పాడి వినిపించాడు. ఆ సెప్టెంబరులో సుకుమార్ పోయాడు. పోయిన కొద్దిరోజులకే పుస్తకం వచ్చింది.

అక్కడితో ఆగలేదు. సుకుమార్ తండ్రి ఉపేంద్రకిశోర్ 1913లో పెట్టిన పిల్లల పత్రిక ‘సందేశ్’ మూతపడి ఉంటే, 1961లో సుకుమార్ కొడుకు సత్యజిత్ రాయ్, కవి సుభాష్ ముఖోపాధ్యాయ్ కలిసి మళ్ళీ తెరిచారు. పత్రిక నింపాలి కాబట్టి సినిమాలు తీసే సత్యజిత్ పిల్లల కథలు రాయడం మొదలుపెట్టాడు. ప్రొఫెసర్ శంకు, ఫెలూదా లాంటి పాత్రలు పుట్టింది అందులోనే. ఇద్దరు స్నేహితులు ఒక పత్రిక తలకెత్తుకుంటే ఒక భాషలో పిల్లలకి ఎంత దక్కిందో చూడండి.

స్నేహం అంటూనే ఈర్ష్య గురించి చెప్పకపోతే సగం చెప్పినట్టు. పిల్లల కథలకి పత్రికల్లో ఉండే చోటు తక్కువ, పారితోషికం ఇంకా తక్కువ. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి ఇస్తున్న బాల సాహిత్య పురస్కారం ఏడాదికి ఒక భాషకి ఒక్కరికే. అంత ఇరుకు చోట భుజాలు తగులుకుంటాయి. నాకు ధైర్యమిచ్చే ఊరు పార్వతీపురం. 2018లో నారంశెట్టి ఉమామహేశ్వరరావుకీ ఆ మరుసటేడే బెలగాం భీమేశ్వరరావుకీ ఆ పురస్కారం వచ్చింది. ఇద్దరిదీ పార్వతీపురమే. ఉమామహేశ్వరరావు అక్కడ తన పేరిట ఒక బాల సాహిత్య పీఠం పెట్టి తోటి బాల రచయితలకి పురస్కారాలు ఇస్తున్నారు. తనకి గౌరవం దక్కాలని చూసే వయసులో ఇంకొకరికి శాలువా కప్పడం చిన్న విషయం కాదు. అంత దూరాన ఇది జరిగింది. బుచ్చిలో ఎందుకు జరగదు?

టీచరమ్మ గేదె కథ ఇప్పుడు పత్రికకి వెళ్ళింది. అచ్చయితే మాలో ఎవరో ఒకరం సంపాదకుడికి కార్డు రాస్తాం. అది కూడా పనిలో భాగమే, ఎందుకంటే పిల్లల కథ బాగుందని సంపాదకులకి రాసేవాళ్ళు బహుతక్కువ. ఆమె పుస్తకం వస్తే తలా రెండు కొంటాం. ఒకటి ఇంటికి, ఒకటి ఏదైనా స్కూలు బీరువాకి. ఊరికే తీసుకోవడం మా దగ్గర లేదు.

జొన్నవాడలోనో, సంగంలోనో, దగదర్తిలోనో, కోవూరులోనో పిల్లల కథ రాసి ఎవరికీ చూపించకుండా పెట్టుకున్నవాళ్ళు ఉంటే బుచ్చికి రండి. సిగ్గుపడనక్కర్లేదు. మీ కథ మీరు చదవక్కర్లేదు, మేం చదువుతాం. ఒక్కటే అడుగుతాం, వచ్చేటప్పుడు పెద్ద అక్షరాలతో రాసుకుని రండి. మాస్టారికి ఈమధ్య చూపు ఆనడం లేదు.