సభలో వంత ఎక్కడ?

బుర్రకథలో కథకుడికి ఇరువైపులా ఇద్దరు వంతలుంటారు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. కథ మధ్యలో అడ్డు తగిలి, "అదెట్లా?" అని అడిగేది వీరే. శ్రోత మనసులో మెదిలే సందేహం ఆ విధంగా వేదిక మీదనే పలుకుతుంది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి, గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్, ఈ కళారూపాన్ని ప్రజల రాజకీయ సభగా మలచగలగడానికి ఈ ప్రశ్నించే స్వభావం ఒక ముఖ్య కారణం.

తర్వాత మైకు ఆ గొంతును వేలమందికి చేర్చింది. 2020 లాక్‌డౌన్‌లో సాహిత్య సభలు సెల్‌ఫోన్ తెర మీదికి వచ్చాయి. నూజెండ్లలోని శ్రోత వినుకొండకు బస్సు ఛార్జీ పెట్టుకోకుండా, ఒకరోజు కూలి పోగొట్టుకోకుండా సభ వినగలిగే వీలు కలిగింది. దీనిని నిందించడం అభివృద్ధి నిరోధకమే.

అయితే జూమ్ సభలో శ్రోత గొంతును మూసే మీట నిర్వాహకుని చేతిలో ఉంటుంది. మైదానంలో వెనక వరసలో లేచిన కేకను ఏ మైకూ పూర్తిగా అణచలేదు. ఇక్కడ ఒక వేలు చాలు. గోల తగ్గించే సాధనమే ప్రశ్నను అణచే సాధనం కూడా. దోషం యంత్రానిది కాదు, దాని మీది పెత్తనానిది.

మన సభలు ఈ విమర్శకు అతీతం కావు. అధ్యక్షోపన్యాసం గంటసేపు సాగించి, కాలాతీతమైందని ప్రశ్నలను దాటవేసే అలవాటు జూమ్‌కు ముందే మనకున్నది. యంత్రం దానికి తోడైంది, అంతే. కనుక ప్రశ్నలకు ముందే కాలం కేటాయిద్దాం; ఆ మీటను శ్రోతలు ఎన్నుకున్న వారికి అప్పగిద్దాం. తెర మీదనైనా వంతకు చోటు దొరకాలి.