శాసనంలో లేని కళాసీ

మోటుపల్లికి నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి బాపట్లలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, నలుగురం రెండు బైకుల మీద. "మార్కో పోలో రాసిన ఊరట" అని ఎవడో అంటే బయల్దేరాం. సముద్రం చూశాం, గుడి బయట కూర్చుని బిస్కెట్లు తిన్నాం, వచ్చేశాం. ఇక్కడ చూడ్డానికేమీ లేదనుకున్నాం. రెండోసారి మొన్న సంక్రాంతికి, ఒక్కణ్ణే. ఈసారి ఫోన్లో ఒక పీడీఎఫ్ ఉంది. ఎపిగ్రాఫియా ఇండికా పన్నెండో సంపుటంలో హుల్ట్జ్ ప్రచురించిన మోటుపల్లి శాసనం. వీరభద్రస్వామి గుడి దగ్గర కూర్చుని, గంటసేపు దాన్ని ఒక కథో కవితో చదివినట్టు చదివాను. శాసనాలని చరిత్రకారులకి వదిలేసి మనం సాహిత్యం చదువుకుంటాం. కానీ అదీ ఒక టెక్స్టే. ఎవరో ఒకరు, ఎవరి కోసమో, కొన్ని మాటలు ఎంచుకుని, కొన్ని వదిలేసి రాసిందే.

శాసనం క్రీ.శ. 1244-45 నాటిది. కాకతీయ గణపతిదేవుడు వేయించింది. స్కూల్లో 'అభయ శాసనం' అని రెండు మార్కుల ప్రశ్నగా చదువుకున్నాం కదా, అదే. సారాంశం ఇది. తుఫానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవాళ్ళు. మేం అలా చెయ్యం. దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వాళ్ళకే వదిలేస్తాం. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పయ్యో వంతు. ఆ తర్వాత ఒక జాబితా: గంధం, కర్పూరం, చైనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగుదంతం, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు. ఏ సరుకుకి ఎంతో లెక్కతో సహా.

నా ఉద్యోగం భాషలో చెప్పాలంటే ఇది టర్మ్స్ అండ్ కండిషన్స్ పేజీ. కానీ నేను రోజూ చూసే అలాంటి పేజీల కంటే చాలా బాగా రాసింది. ముందు పాత తప్పు ఒప్పుకుంటుంది, తర్వాత హామీ ఇస్తుంది, ఆ తర్వాత లెక్క చెప్తుంది. దూరదేశం నుంచి వచ్చే వర్తకుడికి ఏం భయమో రాసినవాడికి తెలుసు. ఉత్త 'భయపడకండి' అంటే ఎవరూ నమ్మరనీ తెలుసు. అందుకే అంకె వేశాడు. దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ రేవు కళ్ళకి కడుతోందంటే కారణం దయ గురించిన మాటలు కాదు, ఆ జాబితా.

అయితే ఒక చోట ఆగిపోయాను. ప్రాణం కన్నా ధనమే గొప్పదని తలచి సముద్ర ప్రయాణానికి తెగించిన వాళ్ళకి ఈ హామీ ఇస్తున్నామని శాసనం అంటుంది. నిజమే, వర్తకుడి విషయంలో అది సరిపోతుంది. కానీ ఓడ మీద వర్తకుడొక్కడే ఉండడు కదా. తెడ్డు వేసేవాడు, తెరచాప దించేవాడు, రేవులో బస్తా భుజానికెత్తుకునేవాడు ఉంటారు. వాళ్ళూ ప్రాణానికి తెగించినవాళ్ళే, కానీ ధనం వాళ్ళది కాదు. ఓడ పగిలితే సరుకు ఎవరికి చెందాలో శాసనం చెప్పింది. మనుషుల సంగతి చెప్పలేదు. ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. మా తాతయ్య కళాసీ. ఓడ మీద కాదు, కొమ్మమూరు కాలువలో సరుకు పడవ మీద.

శాసనాన్ని ఇలా నిలదీయడం అన్యాయం అనొచ్చు. సుంకం గురించి రాసిన రాయి కూలీల గురించి ఎందుకు చెప్పాలి? ఒప్పుకుంటాను. అది దాని పని కాదు. కానీ శాసనం పని ఎక్కడ అయిపోతుందో సాహిత్యం పని అక్కడ మొదలవ్వాలి. మొదలైందా?

మన దగ్గర ఓడల ప్రస్తావనకి అందరూ చూపించేది శ్రీనాథుడి హరవిలాసం. దాన్ని అంకితం తీసుకున్న అవచి తిప్పయశెట్టి ఓడల వర్తకుడు. ఏయే దేశాల నుంచి ఏమేం తెప్పించాడో శ్రీనాథుడు పద్యంలో పేర్చాడు. ఆ పద్యం అంటే నాకు ఇష్టం. ఊళ్ళ పేర్లలోనే సంగీతం ఉందని కనిపెట్టిన కవి ఆయన. కానీ పద్ధతి చూడండి. వర్తకుడికి పేరుంది, రేవులకి పేర్లున్నాయి, కర్పూరానికి కూడా పేరుంది. ఓడ మాత్రం దానంతటదే వచ్చినట్టుంటుంది. శాసనం సుంకం వేసిన సరుకుకే కావ్యం అలంకారం వేసింది. ఇద్దరి చూపూ సరుకు మీదే.

మోటుపల్లి నుంచి తీరం వెంబడి తూర్పుకి వస్తే, రేపల్లె దిగువన నిజాంపట్నం. ఐరోపా వాళ్ళ కాగితాల్లో పేటపోలి. 1606లో డచ్చివాళ్ళు అక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషు వాళ్ళు దిగారు. చిరివేరు ఎరుపు అద్దిన బట్టల కోసం వచ్చారు. ఆ ఓడలో వచ్చిన పీటర్ ఫ్లోరిస్ రాసుకున్న దినచర్య అచ్చులో ఉంది. ఇవాళ నిజాంపట్నం చేపల రేవు. అక్కడ పడవల మధ్య నడుస్తుంటే ఇంత కథ జరిగిన చోటని చెప్పే గుర్తు నాకేదీ కనపడలేదు. సరే, గుర్తు పెడితే ఏమని పెడతాం? డచ్చివాళ్ళు వచ్చారు, ఇంగ్లీషు వాళ్ళు వచ్చారు అని. మళ్ళీ వచ్చినవాళ్ళ పేర్లే. దింపుకున్నవాళ్ళవి కాదు.

ఇది పాతకాలపు అలవాటు, ఆధునికులం కదా మనం మారాం అనుకుందామా? 1948లో విశాఖలో జలఉష ఓడని నెహ్రూ నీళ్ళలోకి దింపారు. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి పెద్ద ఓడగా చెప్పుకుంటాం. ఓడ పేరు గుర్తుంది, నెహ్రూ గుర్తున్నాడు. రివెట్లు కొట్టిన ఒక్కడి పేరు చెప్పమంటే చెప్పలేను. మీరూ చెప్పలేరనుకుంటాను.

రంగూన్ సంగతి ఇంకా విచిత్రం. అక్కడి రేవులో ఓడలకి సరుకు ఎక్కించి దింపిన కూలీల్లో ఎక్కువమంది తెలుగువాళ్ళు. 1930 మే నెలలో కూలీ పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ స్థానంలో బర్మా కూలీలని పెట్టారు. సమ్మె తేలాక పాతవాళ్ళని వెనక్కి పిలిచి కొత్తవాళ్ళని పొమ్మన్నారు. పొట్ట గడవని రెండు గుంపుల్ని అలా ఎదురెదురుగా నిలబెట్టారు. మే 26న గొడవ మొదలైంది. ఆ అల్లర్లలో వంద మందికి పైగా చనిపోయారు. ఇదంతా ఎవరి రాతల్లో ఉంది? 1933లో ఆండ్రూ అనే ఆయన ఇంగ్లీషులో రాసిన 'ఇండియన్ లేబర్ ఇన్ రంగూన్' లాంటి పుస్తకాల్లో. మన తీరం నుంచి కూలీల్ని ఓడల్లో తోలుకుపోయే వ్యవహారాన్ని నవలలో నేను మొదట చదివింది కూడా ఇంగ్లీషులోనే, అమితావ్ ఘోష్ 'ది గ్లాస్ ప్యాలెస్'లో. తెలుగులో రంగూన్ అంటే ఎక్కువమందికి గుర్తొచ్చేది 'రంగూన్ రౌడీ'. ముందు నాటకం, తర్వాత 1979లో కృష్ణంరాజు సినిమా. వాటిలో ఏముందన్నది వేరే చర్చ. కూలీ వెళ్ళిన ఊరు రౌడీకి ఇంటిపేరుగా మిగిలింది, అదీ నా బాధ. అటు బర్మాలో తెలుగు కూలీలని కోరంగీలు అన్నారు, గోదావరి తీరంలోని కోరంగి రేవు పేరు మీద. మనకి ఇప్పుడు కోరంగి అంటే మడ అడవులు, వీకెండ్ బోటింగ్. రేవు పేరు మనుషుల పేరై సముద్రం దాటింది. మనం ఆ సంగతే మర్చిపోయాం.

పోనీ, రేవుని కాపాడితే మనుషులు గుర్తుంటారా? లివర్‌పూల్ రేవుకి 2004లో యునెస్కో వారసత్వ హోదా వచ్చింది. ఒడ్డున కొత్త కట్టడాలు లేపుతున్నారని 2021లో తీసేశారు. రాళ్ళని నిలబెట్టడమే అంత కష్టం. మారిషస్‌లో ఆప్రవాసీ ఘాట్ కథ వేరు. 1834 నుంచి 1920 దాకా దాదాపు ఐదు లక్షల మంది ఒప్పంద కూలీలు ఆ ద్వీపంలో దిగారు, తెలుగువాళ్ళు సహా. పోర్ట్ లూయిస్‌లో వాళ్ళని దింపుకుని నమోదు చేసిన చోటుకి 2006లో వారసత్వ హోదా దక్కింది. అక్కడ మిగిలింది కొన్ని మెట్లు, కొన్ని గదులు. చూడ్డానికి మోటుపల్లి కంటే పెద్ద గొప్పగా ఏమీ ఉండదు. కానీ దానికి తోడుగా రిజిస్టర్లున్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు. తప్పించుకుపోతే పట్టుకోవడానికి రాసుకున్నవి అవి. ఇవాళ ముని మనవళ్ళు వాటిలోనే తాతల్ని వెతుక్కుంటున్నారు. దయతో రాసిన మోటుపల్లి శాసనంలో కూలీ లేడు. అనుమానంతో రాసిన రిజిస్టర్లో ఉన్నాడు! ఎందుకంటే ఆ గుమాస్తా సరుకుని లెక్కపెట్టినట్టే మనిషినీ లెక్కపెట్టాడు.

ఇక మా తాతయ్య దగ్గరికి వస్తాను. రోడ్లూ లారీలూ పెరగక ముందు తెనాలి ప్రాంతపు వడ్లు కాలువల్లోనే వెళ్ళేవి. దుగ్గిరాల లాకులు దాటుకుంటూ, కొమ్మమూరు కాలువ పట్టుకుని, పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువలో కలిసి, మద్రాసు దాకా. వచ్చేటప్పుడు చినగంజాం ఉప్పు. తాతయ్య పదిహేనేళ్ళప్పుడు పడవ ఎక్కాడు. 2014లో ఒక సాయంత్రం ఆయన్ని కూర్చోబెట్టి ఫోన్లో నలభై నిమిషాలు రికార్డ్ చేశాను. 2016లో ఆయన పోయాడు. మధ్యలో నేను ఫోన్ మార్చాను. ఎక్కడెక్కడి క్లయింట్ల డేటాకో రోజూ మూడు బ్యాకప్‌లు తీసే ఉద్యోగం నాది. తాతయ్యకి ఒక్కటి తియ్యలేదు.

గుర్తున్నంతలో రాస్తాను. "పడవ మీద పాటలు పాడేవాళ్ళా తాతయ్యా?" అని అడిగాను. నా బుర్ర నిండా సినిమా పడవ పాటలే మరి. నవ్వాడు. "పాటలెక్కడియ్యిరా, ఊపిరాడితేగా" అన్నాడు. గాలి లేకపోతే ఒడ్డెక్కి భుజానికి తాడేసుకుని పడవని లాగాలి. తాడు ఒరుసుకుపోయిన చోట, ఉప్పు బస్తా ఎత్తుకున్నప్పుడు ఎలా మండేదో చెప్పాడు. చెప్తూ ఎడమ భుజం తడుముకున్నాడు. మేస్త్రీ ఎంత పట్టుకుని ఎంత ఇచ్చేవాడో పైసలతో సహా చెప్పాడు. ఆ అంకెలే నాకు గుర్తులేవు. అప్పుడవి నాకు బోర్ కొట్టాయి. పాటల కోసం చూస్తూ కూర్చున్నాను.

ఆ సాయంత్రం నేను చేసింది చెడ్డ విమర్శకుడు చేసే పనే. టెక్స్ట్ ఇస్తున్నది వదిలేసి నాకు కావలసింది వెతుక్కున్నాను. శ్రమ గురించి రాసేటప్పుడు మన రచనల్లో చాలాసార్లు జరిగేదీ అదే. చెమట, పాట, పిడికిలి ఉంటాయి. బరువెంత, కూలీ ఎంత, తాడు ఏ భుజానికి అన్నది ఉండదు. తెనాలిలో దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. శారద పేరుతో రాసిన నటరాజన్ తమిళుడు, తెనాలి హోటళ్ళలో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని నవలలు రాశాడు. 1955లో చిన్న వయసులోనే పోయాడు. హోటల్ బల్ల తుడిచిన చెయ్యి కలం పట్టింది కాబట్టి ఆ ఊరు లోపలి నుంచి ఎలా ఉంటుందో మనకి తెలిసింది. అదే ఊళ్ళోంచి పారే కాలువల మీద బతికినవాళ్ళలో అలా రాసినవాడు నేను చదివినంతలో కనపడలేదు.

మాటలు మాత్రం మిగిలాయి. సరంగు, కళాసీ, లస్కరు. ఇంగ్లీషు వాళ్ళ ఓడల మీద పనిచేసిన మన నావికుల్ని లస్కర్లనేవారు. ఇవాళ మా డెల్టాలో కాలువ షట్టర్లు ఎత్తేవాడు లస్కరు. రేపల్లె వైపు రైతు నీళ్ళ కోసం లస్కరుకి ఫోన్ చేసిన ప్రతిసారీ ఓడల కాలం నాటి మాట ఒకటి పలుకుతున్నాడు. శాసనానికి అందనిది వాడుకలో ఇలా బతికింది.

2008లో ఈ కాలువల్నే నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. రేపు మళ్ళీ బోట్లు తిరగొచ్చు, మోటుపల్లిలో మంచి బోర్డు పెట్టొచ్చు. పెట్టాలి కూడా. కానీ కాలువ మీద, రేవులో, షిప్‌యార్డులో పనిచేసిన ముసలివాళ్ళు అప్పటిదాకా ఆగరు. మీ ఇంట్లో అలాంటివాళ్ళుంటే పాటలు పాడమనకండి. మోటుపల్లి శాసనం రాసినవాడిలా అడగండి: ఏ సరుకు, ఎంత బరువు, ఎక్కడి నుంచి ఎక్కడికి, చేతికి ఎంత వచ్చేది, ఎవరు పట్టుకునేవాళ్ళు. ఆ శాసనాన్ని బతికించింది అలాంటి లెక్కే.

తాతయ్య వాడిన మాటల్లో నాకు గుర్తున్నవి ఇరవై మూడు. గడ, చుక్కాని, తాడు గట్టు... అలా. ఒక ఫైల్లో రాసుకున్నాను. మొన్న మా నాన్న చూసి ఇంకో నాలుగు చేర్చాడు. కూలీ రేటు ఆయనకీ గుర్తులేదు. పక్కూళ్ళో తాతయ్యతో పాటు పడవ ఎక్కిన ఆయన ఇంకా ఉన్నాడట, చెవులు సరిగా వినపడవట. వచ్చే వారం వెళ్తున్నాను.