మోటారు ఎవరి మాట వినాలి?

మేడ మీది ట్యాంకులో నీళ్లెంత ఉన్నాయో కింద సంపు దగ్గరి మోటారుకు తెలియాలి. మా ఇంట్లో ఆ పని రెండు ఈఎస్‌పీ32 బోర్డులు చూసుకుంటాయి. పైదానికి అల్ట్రాసోనిక్ సెన్సర్, కిందదానికి స్టార్టర్‌ను నడిపే రిలే. హాల్లో రాస్‌బెరీ పై మీద, బోర్డుల మధ్య సందేశాలు అందించే ఎంక్యూటీటీ బ్రోకర్. ట్యాంకు బోర్డు ‘ఇల్లు/ట్యాంకు/మట్టం’ అనే టాపిక్‌కి 82 అని పంపుతుంది. ఆ అంకె ఎవరికి కావాలో దానికి తెలియనక్కర్లేదు. మోటారు వింటుంది, వంటింట్లోని డిస్‌ప్లే వింటుంది. రేపు మరో బోర్డు తగిలించినా ట్యాంకు కోడ్‌లో ఒక్క లైనూ మార్చే పని లేదు.

1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ ఎంక్యూటీటీని తయారు చేసింది చమురు పైపులైన్ల కోసం. అక్కడ వాడే ఉపగ్రహ లింకు ఖరీదు, పైగా నమ్మకం తక్కువ. కరెంటు పోయి వచ్చే మన ఇళ్లకు ఇది ఇంత చక్కగా కుదరడానికి కారణం ఆ పుట్టుకే అనుకుంటాను.

డేటా పంపడం ఒక సాయంత్రంలో నేర్చుకోవచ్చు. అది రానప్పుడు ఏం చేయాలన్నదే అసలు పని. సందేశానికి ‘రిటెయిన్’ గుర్తు పెడితే బ్రోకర్ చివరి విలువను దాచి, కొత్తగా సబ్‌స్క్రైబ్ చేసిన బోర్డుకు వెంటనే ఇస్తుంది. మట్టానికి అది మంచిదే. ‘మోటారు వెయ్యి’ అన్న ఆజ్ఞకు మాత్రం ఎన్నడూ పెట్టకూడదు. పెడితే కరెంటు వచ్చిన ప్రతిసారీ మోటారు తనంతట తానే లేస్తుంది, ఆ వేళ సంపు ఖాళీగా ఉంటే కాలిపోవచ్చు. మట్టంలోనూ జాగ్రత్త కావాలి. అలా దాచి ఇచ్చిన అంకె రిటెయిన్ గుర్తుతోనే వస్తుంది. దాన్ని డిస్‌ప్లేలో చూపించవచ్చు, దాన్ని నమ్మి మోటారు వేయకూడదు. అది నిన్నటి నీళ్ల లెక్క కావచ్చు.

బోర్డు చెప్పకుండా మాయమైతే బ్రోకర్ అందరికీ తెలియజేసే ‘లాస్ట్ విల్’ ఉంది. కానీ కీప్-అలైవ్ గడువుకు ఒకటిన్నర రెట్లు గడిస్తే గాని అది బయటికి రాదు. వైఫై బతికే ఉండి సెన్సర్ ఒక్కటే మొరాయిస్తే అసలు రానే రాదు. అందుకే మోటారు బోర్డుకు సొంత గడియారం ఉండాలి. రెండు నిమిషాలు కొత్త రీడింగ్ లేకపోతే ఎవరినీ అడక్కుండా రిలే వదిలేయాలి.

ఎవరైనా ఇలాంటి ఏర్పాటు చూపిస్తే నేను ఫోను యాప్ జోలికి పోను. మోటారు తిరుగుతుండగా ట్యాంకు బోర్డు అడాప్టర్ పీకమంటాను. మళ్లీ మోటారు వేయించి, ఈసారి రూటర్ ఆపమంటాను. రెండుసార్లూ మోటారు దానంతటదే ఆగాలి.