కోటేశ్వరమ్మ వాక్యం

కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ ‘నిర్జన వారధి’ని 2012లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. అప్పటికి ఆమెకు తొంభై దాటాయి. 1918లో గుడివాడ దగ్గరి పామర్రులో పుట్టిన ఆమె అంతకుముందు కథలూ గేయాలూ రాశారు గానీ, రచన నేర్పిన గురువంటూ ఎవరూ లేరు. మెట్రిక్ కూడా ఇద్దరు పిల్లల తల్లి అయ్యాకే ప్యాసయ్యారు. అయినా ఈ పుస్తకం తెలుగు ఆత్మకథల్లో పదికాలాలు నిలిచేది. అందులోని పనితనం ఎక్కడుందో చూడాలంటే ముందు ఆమె వాక్యాన్ని చూడాలి.

ఆ వాక్యం పొట్టిది. ఒక మనిషి, ఒక పని, ఒక క్రియతో ముగింపు. విశేషణాలు తక్కువ. ఇది బడిలో నేర్చిన పొదుపు కాదు. ఆమె కమ్యూనిస్టు పార్టీ సాంస్కృతిక దళమైన ప్రజానాట్యమండలి రోజుల్లో వేదికలెక్కి పాడిన మనిషి. ఆరుబయట సభలో చివరి వరసలో కూర్చున్న కూలిమనిషికి కూడా మాట అందాలంటే, ఊపిరి ఆగే చోటే అర్థమూ ఆగాలి. ఆ లెక్క ఆమె గొంతుకు పట్టుబడింది, తర్వాత కలానికి దిగింది. కృష్ణా జిల్లా ఇళ్లలో ఆడవాళ్లు మాట్లాడుకునే నుడి దానికి తోడైంది.

గొంతుకూ కలానికీ మధ్య ఇంకో మెట్టు ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. అందులో కోటేశ్వరమ్మ కథనమూ ఉంది. అది అడిగినవాళ్లకు చెప్పిన మాట. పాతికేళ్ల తర్వాత వచ్చిన ఆత్మకథలో ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో నిర్ణయం ఆమెదే.

ఇక కూర్పు సంగతి. పెళ్లంటే తెలియని వయసులో మేనమామతో పెళ్లి, ఊహ తెలిసేలోపే వైధవ్యం. ఈ ఘట్టాన్ని ఎంత ఏడుపుగానైనా రాయొచ్చు. ఆమె మాత్రం ఆ పిల్లకు ఎంత తెలుసో అంతవరకే ఉంటారు. అర్థం తెలియని పిల్ల చుట్టూ అర్థం తెలిసిన పెద్దలు తిరుగుతుంటారు. ఆ ఎడం చదివేవాళ్లకు వదిలేస్తారు, వ్యాఖ్యానంతో పూడ్చరు. నా దృష్టిలో పుస్తకంలోకెల్లా కష్టమైన పనితనం ఇదే. తొంభై ఏళ్ల అనుభవాన్ని పక్కన పెట్టి చిన్నపిల్ల కళ్లతో చూడటం తలపండిన రచయితలకూ అంత సులువు కాదు.

రెండో పెళ్లి కొండపల్లి సీతారామయ్యతో. జొన్నపాడులో పెరిగిన ఆయన 1980లో పీపుల్స్‌వార్ నక్సలైటు పార్టీని స్థాపించిన నాయకుడు. ఆ పేరు కోసమే పుస్తకం తెరిచేవాళ్లు చాలామంది ఉంటారని ఆమెకు తెలియకపోదు. అయినా కథను ఆయన చుట్టూ కట్టలేదు. తన బతుకులోకి వచ్చినప్పుడు ఆయన పేజీలోకి వస్తారు, విడిచి వెళ్లినప్పుడు పేజీలోంచీ తప్పుకుంటారు. పుస్తకానికి వెన్నెముక ఆమెకు అండగా నిలిచిన తల్లి అంజమ్మ, స్నేహితులు, చేసిన పనులు. పార్టీ కోసం రహస్య జీవితంలో పిల్లలకు దూరంగా గడిపిన రోజులు, హైదరాబాద్ ఆంధ్ర మహిళా సభలో తనకంటే చిన్నవాళ్ల పక్కన కూర్చుని చదివిన చదువు, కాకినాడ మహిళా పాలిటెక్నిక్ హాస్టల్లో మేట్రన్ ఉద్యోగం, ఇవన్నీ వరసగా వస్తాయి.

దుఃఖం దగ్గర ఈ కూర్పు ఇంకా బాగా కనిపిస్తుంది. కొడుకు చందు విప్లవోద్యమంలోకి వెళ్లి తిరిగి రాలేదు. డాక్టరైన కూతురు కరుణ, భర్త పోయాక తానూ లోకం విడిచింది. డెల్టా కాలువల మీద లాకులు చూసినవాళ్లకు తెలుసు: ఎగువ నీటిని ఒక్కసారి వదిలితే పడవ మునుగుతుంది, తలుపుల మధ్య ఆపి మట్టం తగ్గిస్తూ దించేవారు. ఆమె దుఃఖాన్ని అలాగే దించారు. అందుకే చదివేవాళ్లు ఏ పేజీ దగ్గరా పుస్తకం మూసెయ్యరు.

దాపరికం లేకపోవడమంటే అన్నీ కక్కెయ్యడమని కొందరనుకుంటారు. ఇక్కడ అలా లేదు. వయసు మీదపడి, జబ్బుపడ్డ సీతారామయ్య చూడాలని ఉందంటే ఆమె మొదట వెళ్లనన్నారు, తర్వాత వెళ్లారు. కాదన్నదీ రాశారు, వెళ్లిందీ రాశారు. మొదటిదాన్ని దాస్తే దయామయిగా, రెండోదాన్ని దాస్తే ధిక్కారమూర్తిగా కనిపించేవారు. రెండింటినీ పక్కపక్కనే ఉంచి, తనను ఏ మూసలోనూ పోయనివ్వలేదు. కమ్యూనిస్టు పార్టీ విషయంలోనూ అదే తీరు: అడగాల్సినవి అడిగారు, ప్రేమించినదాన్ని ప్రేమించాననే చెప్పారు.

ఈ పుస్తకం 2015లో ఇంగ్లీషులోకి వెళ్లింది, తమిళంలోకీ వెళ్లింది. నూరేళ్లు నిండిన కొద్ది వారాలకే, 2018 సెప్టెంబర్ 19న, విశాఖపట్నంలో కోటేశ్వరమ్మ కన్నుమూశారు. చదవబోయేవాళ్లకు ఒక మాట. ముందు ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఆమె చెప్పింది చదవండి, ఆ తర్వాత ‘నిర్జన వారధి’ తెరవండి. వీలైతే పైకి చదవండి.