ఒరులు పెట్టిన పేరు: వాషింగ్టన్ ఫుట్‌బాలు జట్టు నామవివాదము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1933 మొదలు 2020 వరకు, అనగా ఎనుబదియేడేండ్ల కాలము, ఒక ఫుట్‌బాలు జట్టు 'రెడ్‌స్కిన్స్' అను పేరుతో ఆడినది. ఎర్రతోలువారని దాని యర్థము. ఆ ఖండపు మూలవాసులకు తెల్లవారి వాడుకలో స్థిరపడిన పేరది. ఈ పేరు అవమానకరమని కొందరును, గౌరవసూచకమని కొందరును, ఇట్టి చర్చయే వట్టి చాదస్తమని మరికొందరును అర్ధశతాబ్దమునకు పైగా వాదించిరి. ఆంధ్రదేశము వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి ఇది దూరపు సంగతిగా తోచవచ్చును. కాని పేరు ఎవరు పెట్టిరి, దానిని ఎవరు మోయవలెను అను ప్రశ్న వారికి క్రొత్తది కాదు.

పేరు పుట్టుకను గూర్చిన కథ మొదట పరిశీలింపదగినది. బోస్టన్ నగరమున 1932లో స్థాపింపబడిన ఈ జట్టునకు తొలి పేరు 'బ్రేవ్స్'. యజమాని జార్జి ప్రెస్టన్ మార్షల్ మరుసటి యేడు దానిని మార్చెను. 1937లో జట్టును వాషింగ్టన్‌కు తరలించెను. అప్పటి శిక్షకుడు విలియం డీట్జ్ సూ జాతీయుడనియు, ఆయన గౌరవార్థమే ఈ పేరు పెట్టబడెననియు జట్టు పక్షమువారు చిరకాలము చెప్పుచు వచ్చిరి. ఈ కథ పరీక్షకు నిలువదు. బోస్టన్‌లోనే 'బ్రేవ్స్' అను బేస్‌బాలు జట్టు ఉండుటచే కలుగు గందరగోళమును తప్పించుటకు పేరు మార్చితినని మార్షల్ 1933లోనే పత్రికలవారితో చెప్పియున్నాడు. ఇక డీట్జ్ మూలవాసి యగునా కాదా యన్నదే సందేహాస్పదము. నిర్బంధ సైనికసేవను తప్పించుకొనుటకై మూలవాసినని అబద్ధమాడెనను అభియోగముపై ఆయన 1919లో విచారింపబడి, తుదకు ఎదురువాదము మాని ముప్పది దినములు కారాగారమున నుండెను. గౌరవము పొందినవాడే ఆ జాతివాడు కాకపోవచ్చునన్నచో ఇక గౌరవమను మాటకు మిగులునదేమి? మార్షల్ గౌరవబుద్ధిని కొలుచుటకు మరియొక ఆధారము కలదు. ఆ లీగునందలి తక్కిన జట్టులన్నియు నల్లజాతి ఆటగాండ్రను చేర్చుకొన్న పిమ్మట కూడ ఈయన చేర్చుకొనలేదు. జట్టు ఆడు క్రొత్త క్రీడాస్థలము ప్రభుత్వభూమిలో నుండుటచే, కెనెడీ మంత్రివర్గమునందలి స్టువర్ట్ ఉడాల్ గట్టిగా పట్టుపట్టగా, 1962లో విధిలేక తలయొగ్గెను.

భాషాశాస్త్రజ్ఞుల వలన వచ్చిన వాదము ఇంతకంటె బలమైనది. స్మిత్సోనియన్ సంస్థకు చెందిన ఐవ్స్ గోడార్డ్ 2005లో ప్రకటించిన వ్యాసమున, ఈ మాట తెల్లవారు తిట్టుగా కల్పించినది కాదని సాక్ష్యములతో చూపెను. పదునెనిమిదవ శతాబ్దమున తెల్లవారితో జరిపిన రాయబారములలో మూలవాసులే తమ్ము ఎర్రవారని చెప్పుకొనిరి. ఆ పలుకు ఫ్రెంచి మీదుగా ఆంగ్లములోనికి దిగినది. ఒలిచి తెచ్చిన నెత్తితోలుకు ఇచ్చు బహుమతి నుండి ఈ పదము పుట్టెనను ప్రచారమునకు ఆధారము లేదు. గోడార్డ్ పరిశ్రమ శ్లాఘనీయము. పేరును వ్యతిరేకించువారిలో కొందరు దానిని త్రోసివేయజూచుట తగని పని. అయితే జట్టు పక్షమువారు దాని నుండి తీసిన సిద్ధాంతము వేరు. పుట్టుక నిర్దోషము కనుక వాడుకయు నిర్దోషమే యని వారి తర్కము. మిన్నెసోటా రాష్ట్రమున 1863లో ఒక పత్రిక, చంపబడిన ఒక్కొక్క 'రెడ్‌స్కిన్'కు 200 డాలర్ల బహుమానమని ప్రకటించినపుడు, చదివినవారెవరును పదవ్యుత్పత్తిని విచారించి యుండరు.

ఈ తర్కము ఎంత బలహీనమైనదో తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. తమిళమున వడక్కు అనగా ఉత్తరము. ఆ దిక్కు నుండి వచ్చినవాడు వడుగన్. ఇందు నింద లేశమును లేదు. సంగమ సాహిత్యమునందే ఈ మాట కనబడును. ఐనను తమిళనాట పుట్టి పెరిగినవానిని, వాని తాతముత్తాతలు అచటనే కన్నుమూసినను, పరాయివాడని చూపుటకు రాజకీయ వాదములలో ఈ మాటనే వాడువారు నేడును కలరు. కళింగశబ్దము నుండి వచ్చిన 'కెలింగ్' మలయాదేశమున మొదట దక్షిణ భారతీయులకు సామాన్యమైన పేరు. నేడు మలేషియాలోని భారతసంతతివారు దానిని తిట్టుగా ఎంతురు. యానాము చెంతనున్న కోరంగి రేవు నుండి ఓడలెక్కి బర్మాకు పోయిన తెలుగు కూలీలకు అచట 'కోరంగీలు' అని పేరు వచ్చినది. ఊరిపేరు మనుష్యునకు అంటుకొనినది, అంతియే. 1930 మే నెలలో రంగూను రేవున ఆ కూలీలు సమ్మె కట్టిరి. వారికి బదులు చేర్చుకొన్న బర్మావారిని సమ్మె తీరగనే తొలగించుటచే అల్లరులు చెలరేగినవి. అపుడు వెదకి వెదకి కొట్టబడినవారు ఈ కోరంగీలే. ఆ మాటకు ఒక రేవు పేరని మాత్రమే యర్థమని విన్నవించి ఆ దినమున ఎవరును ప్రాణము దక్కించుకొని యుండరు.

ప్రసంగవశమున ఇంకొకటి చెప్పవలసియున్నది. తెలుగు పాఠ్యపుస్తకములలోను పత్రికలలోను ఈ మూలవాసులకు చిరకాలముగా 'రెడ్ ఇండియనులు' అనియే వ్యవహారము. ఆ రెండు మాటలలో ఒకటి తోలు రంగు, రెండవది కొలంబసు పొరపాటు.

వ్యుత్పత్తి చాలనిచోట లెక్కలు ప్రవేశించినవి. 2004లో అనెన్‌బర్గ్ సంస్థవారు ఫోనులో ప్రశ్నింపగా, మూలవాసులమని చెప్పుకొన్న 768 మందిలో నూటికి తొంబదిమంది ఈ పేరు తమకు బాధాకరము కాదనిరి. 2016లో 'వాషింగ్టన్ పోస్టు' పత్రిక 504 మందిని అడిగి ఇంచుమించు అదే ఫలితమును ప్రకటించెను. జట్టు యజమాని డాన్ స్నైడర్‌కు ఇది కొండంత అండ యైనది. కాని 2020లో బర్క్‌లీ విశ్వవిద్యాలయ సంబంధమైన పరిశోధనమున వేయిమందికి పైగా మూలవాసులను ప్రశ్నింపగా 49 శాతము ఇది అవమానకరమే యనిరి. జాత్యాచారములను తరచు పాటించువారిలో ఆ సంఖ్య ఇంకను హెచ్చు. మునుపటి గణనలలో మూలవాసినని చెప్పుకొనుటయే అర్హత. డీట్జ్ జీవించియుండినచో ఆయనయు ఆ లెక్కలో చేరెడివాడు. పోనిండు, లెక్కలన్నియు సరియైనవే యనుకొన్నను, అమెరికా మూలవాసుల జాతీయ సమ్మేళనము 1968 నుండి ఇట్టి చిత్రణలపై ఉద్యమము నడుపుచుండగా, ఆ ప్రతినిధుల మాటను ప్రక్కకు నెట్టి, ఫోనెత్తిన అపరిచితుని మాటకు పట్టము కట్టుట ఏమి న్యాయము?

'పొలిటికల్ కరెక్ట్‌నెస్' అను ఆక్షేపణ తుదిది. ఈ మాటను ఆ దేశపు వామపక్షీయులు మొదట తమలోనే అతిగా పోవువారిని పరిహసించుటకు వాడిరి. 1990 ప్రాంతమున అది ప్రత్యర్థుల చేతికి చిక్కెను. 1991లో అధ్యక్షుడు జార్జి బుష్ మిచిగన్ విశ్వవిద్యాలయ ప్రసంగమున దానిని ఎత్తుకొనెను. పేరు మార్చినంత మాత్రమున మూలవాసుల దారిద్ర్యము తీరునా, వారి భూములు తిరిగివచ్చునా యని వీరి ప్రశ్న. ఇందు కొంత సత్యము లేకపోలేదు. మాటను దిద్ది చేతులు దులుపుకొనుట చదువుకొన్నవారికి సులభమైన పుణ్యము. కాని ఈ ప్రశ్న వేసినవారు భూముల కొరకు పోరాడినవారైనచో దానికి విలువ యుండెడిది.

పైగా కోరబడినది మాటల నిషేధము కాదు, సమ్మతి. విశ్వవిద్యాలయ క్రీడలను పాలించు సంఘము 2005లో ఇట్టి పేర్లపై ఆంక్షలు విధించినపుడు, ఫ్లోరిడా సెమినోల్ జాతి తన సమ్మతిని తెలుపగా ఫ్లోరిడా రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు 'సెమినోల్స్' అను పేరు నిలిచినది. ఉత్తర డకోటాలో 'ఫైటింగ్ సూ' అను పేరునకు స్పిరిట్ లేక్ జాతివారు 2009లో ఓటు ద్వారా సమ్మతించిరి. స్టాండింగ్ రాక్ జాతి సమ్మతి లభింపలేదు. 2012లో రాష్ట్ర ప్రజలు ఓటు వేసి ఆ పేరును విడిచిరి. సమ్మతి తేలికగ తేలు విషయము కాదని దీనిచే తెలియును. ఐనను వాషింగ్టన్‌లో పేరు పెట్టునపుడు ఏ జాతిని అడిగిరి? 'ఎర్రతోలు' ఏ జాతికిని తాను పెట్టుకొన్న పేరు కాదు గదా!

న్యాయస్థానముల చరిత్ర సుదీర్ఘమైనది. సూజన్ షోన్ హార్జో మొదలగు ఏడుగురు 1992లో జట్టు వ్యాపారచిహ్నములను రద్దుచేయగోరిరి. 1999లో గెలిచిరి, 2003లో ఓడిరి, ఆలస్యముగ వచ్చితిరను కారణమే తుదకు నిలిచి 2009లో ఆ వ్యాజ్యము ముగిసినది. అంతకు ముందే, 2006లో, నవాహో స్త్రీయగు అమాండా బ్లాక్‌హార్స్ మొదలగు పిన్నవయస్కులు ఆలస్యమను ఆక్షేపణ తగులకుండ క్రొత్త అర్జీ పెట్టి 2014లో నెగ్గిరి. ఈ విజయమును చెరిపినది జట్టు వాదబలము కాదు. తూర్పు ఆసియా సంతతికి చెందిన గాయకబృంద మొకటి, తమ జాతి కన్నులను హేళన చేయు 'స్లాంట్స్' అను తిట్టునే పేరుగ ధరించి, దానికి నమోదు కోరినది. కించపరచు చిహ్నములను నిరాకరించు 1946 నాటి చట్టభాగము వాక్స్వాతంత్ర్యమునకు విరుద్ధమని సుప్రీంకోర్టు 2017లో ఏకగ్రీవముగ కొట్టివేసెను. తమ మీద పడిన రాయిని తామే కిరీటమున పొదుగుకొన్నవారికిని, ఒరుల మీద విసరినవారికిని ఒకే తీర్పు రక్షణ యైనది. చట్టదృష్టిలో ఇది సరియైన తీర్పే కావచ్చును. ఆ యిరువురకు నడుమ భేదమును చూచుట న్యాయస్థానము పని కాదు, విమర్శకుని పని.

అర్జీలు, వ్యాజ్యములు, పరిశోధనములు సాధింపలేని దానిని వర్తకులు రెండు వారములలో సాధించిరి. 2020 మే 25న జార్జి ఫ్లాయిడ్ హత్య జరిగిన పిమ్మట దేశము కలతపడియుండగా, మొత్తము 62,000 కోట్ల డాలర్ల ఆస్తులు గల మదుపుదారులు ఫెడెక్స్, నైకీ, పెప్సీ సంస్థలకు ఈ జట్టుతో సంబంధము విడువుడని వ్రాసిరి. క్రీడాస్థలమునకు తన పేరు పెట్టుకొన్న ఫెడెక్స్ జులై 2న పేరు మార్పుడని బహిరంగముగ కోరెను. ఎన్నటికిని మార్చనని 2013లో పలికిన స్నైడర్ జట్టు జులై 13న పాత పేరును విడిచినది. రెండేండ్లు 'వాషింగ్టన్ ఫుట్‌బాలు జట్టు' అను పేరుతో ఆడి, 2022 ఫిబ్రవరిలో 'కమాండర్స్' అయినది. 2025 జులైలో అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ పాత పేరును తిరిగి పెట్టవలెనని జట్టును కోరెను. మూలవాసులలో దానిని సమర్థించినవారును, ఖండించినవారును కలరు.