పాత బ్రిటిష్ కార్లను బతికించే పనితనం

పాత బ్రిటిష్ కారును కొని ఇంటి ముందు నిలుపుకోవడం డబ్బున్న ఎవరికైనా సాధ్యమే గాని, అది పుట్టిన నాటి తీరులో దానిని నడపడం, చెడినప్పుడు అదే తీరులో బాగుచేయడం, చెక్కుచెదరకుండా తరువాతి తరానికి అప్పగించడం మాత్రం ఒక విద్య. బ్రిటన్‌లో ఈ అభిరుచికి దక్కే గౌరవం నిజానికి ఆ విద్యకు దక్కవలసినది. అక్కడి అభిమానులు 1905కు ముందు తయారైన కార్లను వెటరన్ కార్లనీ, ఆ తరువాత మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేదాకా వచ్చినవాటిని ఎడ్వర్డియన్ కార్లనీ, 1919 నుంచి 1930 దాకా వచ్చినవాటిని వింటేజ్ కార్లనీ విభజిస్తారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాతి వాటిని స్థూలంగా క్లాసిక్ కార్లంటారు. కారు ముందు ఒక మనిషి నడవాలన్న పాత చట్టం 1896లో తొలగిపోయినందుకు గుర్తుగా ఏటా నవంబరు మొదటి ఆదివారం వెటరన్ కార్లు లండన్ నుంచి బ్రైటన్‌కు సుమారు 60 మైళ్ళు ప్రయాణిస్తాయి. శతాధిక వయస్సున్న యంత్రాలు చలిలో, వానలో, పైకప్పు లేకుండా సాగే ఆ యాత్రను చూసినవారికి ఈ అభిరుచి ప్రదర్శనశాలల వ్యవహారం కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

రెండో ప్రపంచ యుద్ధానికి పూర్వం రోల్స్-రాయిస్, బెంట్లీ వంటి సంస్థలు ఛాసీని, అంటే చక్రాలు, ఇంజను, గేర్‌బాక్స్ బిగించిన ఇనుప చట్రాన్ని మాత్రమే అమ్మేవి. దానిమీద బాడీ కట్టే పని బార్కర్, హూపర్, పార్క్ వార్డ్, వాండెన్ ప్లాస్ వంటి కోచ్ బిల్డర్లది; వారిలో కొందరు గుర్రపు బగ్గీలు కట్టిన కాలం నుంచీ ఆ వృత్తిలో ఉన్నవారే. ముందుగా యాష్ చెట్టు కలపతో లోపలి చట్రం కడతారు. ఆ కలప తేలికైనది, గతుకులకు వంగుతుందే గాని సులభంగా చీలదు, మరను గట్టిగా పట్టి ఉంచుతుంది. మాల్వర్న్‌లోని మోర్గాన్ సంస్థ నేటికీ దానిని విడిచిపెట్టకపోవడం ఊరికే కాదు. ఈ కలప చట్రం మీద అల్యూమినియం రేకు తొడుగుతారు. రేకును మొదట ఇసుక సంచి మీద కొయ్య సుత్తితో కొట్టి ఉబ్బు తేల్చి, ఆ తరువాత ‘ఇంగ్లీష్ వీల్’ అనే సాధనంలో పెడతారు. దానిలో పైన చదునైన పెద్ద చక్రం, కింద కొద్దిగా ఉబ్బుగా ఉండే చిన్న చక్రం ఉంటాయి; వాటి నడుమ రేకును చేతులతో ముందుకూ వెనక్కూ ఆడిస్తూ ఉంటే ఒత్తిడి పడిన చోట లోహం పలచబడి, విస్తరించి, వంపు తిరుగుతుంది. ఎక్కడ ఎంత ఒత్తాలో ఆ యంత్రం చెప్పదు, పనివాడి వేళ్ళు చెప్పాలి. ఎడమ మడ్‌గార్డు ముగిసిన తరువాత కుడి మడ్‌గార్డును దానికి అద్దంలో బింబంగా తీసుకురావడంలో అసలైన పరీక్ష ఉంది. ఆ పరీక్షలో నెగ్గిన రేకు మీద చెయ్యి నిమిరితే ఎక్కడా ఎత్తు గాని పల్లం గాని తగలదు. తెలుగునాట టింకరింగ్ అని పిలిచే పనికి దీనిని పెద్దన్న అనవచ్చు, కాకపోతే ఇందులో పుట్టీ పూసి తప్పును కప్పిపుచ్చే వీలు లేదు. ఉక్కు బాడీలలో అతుకు పూడ్చవలసి వచ్చినప్పుడు కూడా ఘనాపాఠీలు సీసమూ తగరమూ కలిసిన లోహాన్ని మంటతో మెత్తబరచి, కొవ్వు రాసిన చెక్క బద్దతో దిద్దుతారు.

కంటికి కనిపించని భాగాలలో పనితనం ఇంకా గొప్పది. పాత ఇంజన్లలో క్రాంక్ షాఫ్టును మోసే బేరింగులు నేటిలా దుకాణంలో కొని తొడిగేవి కావు. తగరం ప్రధానంగా ఉండే ‘వైట్ మెటల్’ను కరిగించి, బేరింగు ఉండవలసిన చోట పోసి, చల్లారిన తరువాత బోరింగు చేసి, షాఫ్టుకు నీలం రంగు పూసి తిప్పి చూసి, రంగు అంటిన మిట్టలను చిన్న గీకుడు పనిముట్టుతో ఒక్కొక్కటిగా గీకి, మళ్ళీ రంగు పూసి మళ్ళీ గీకుతారు. రంగు బేరింగు అంతటా సమానంగా అంటేదాకా ఆ పని ముగియదు. పోసేటప్పుడు వేడి తగ్గితే లోహం అతకదు, మించితే పాడవుతుంది.

ఎం.జి., జాగ్వార్, మోరిస్ కార్లలో విస్తారంగా వాడిన ఎస్.యు. కార్బ్యురేటరు ఇంతకంటె ముచ్చటైనది. ఇంజను పీల్చే గాలిని బట్టి దీనిలోని పిస్టన్ దానంతట అది పైకి లేస్తుంది. దాని అడుగున వేలాడే సన్నని మొనగల సూది పెట్రోలు రంధ్రంలోంచి అంతకు తగినట్టు పైకి వస్తుంది. అలా గాలికి తగిన పెట్రోలు దొరుకుతుంది. నేర్పరి అయిన మెకానిక్ పిస్టన్‌ను ఇసుమంత పైకెత్తి వింటాడు. ఇంజను వేగం పెరిగి అలాగే నిలిస్తే పెట్రోలు ఎక్కువైనట్టు, తగ్గి ఆగబోతే తక్కువైనట్టు, క్షణంపాటు పెరిగి మళ్ళీ కుదుటపడితే సరిపోయినట్టు. రెండు కార్బ్యురేటర్లున్న కారులో సన్నని రబ్బరు గొట్టం ఒక కొసను చెవికి, మరో కొసను వాటి నోళ్ళకు ఒకదాని తరువాత ఒకటిగా ఆనించి, రెండింటి బుసా ఒకే శ్రుతిలో వినిపించేదాకా మరలు సవరిస్తాడు. మీటర్లు చూసి మాత్రమే పనిచేయగలవారికి ఈ చెవి ఎప్పటికీ పట్టుబడదు.

నడపడంలోనూ ఇదే సూక్ష్మత కావాలి. వింటేజ్ కార్లలో ఉండే ‘క్రాష్’ గేర్‌బాక్స్‌లో పళ్ళ చక్రాల వేగాలను కలిపే ఏర్పాటు లేదు. కనుక గేరు తగ్గించేటప్పుడు క్లచ్ తొక్కి, గేరు విడిపించి, క్లచ్ వదిలి, యాక్సిలరేటరు నొక్కి, మళ్ళీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. వింటేజ్ బెంట్లీలో యాక్సిలరేటరు బ్రేకుకూ క్లచ్‌కూ మధ్యన ఉంటుందని తలచుకుంటే ఆ కార్లను పందేలలో తోలినవారి ఘనత మరింత తెలుస్తుంది. పోటీ కార్లు కట్టిన బుగాటీ మహాశయుడు బెంట్లీలను వేగంగా పోయే లారీలని ఎగతాళి చేశాడంటారు. ఆ లారీలే లె మాన్ 24 గంటల పందెంలో 1924లోనూ, 1927 నుంచి 1930 దాకా వరుసగానూ నెగ్గాయి. 1927 పందెంలో రాత్రివేళ ఆ దారిలోని వైట్ హౌస్ మలుపు దగ్గర జరిగిన ప్రమాదంలో మూడు బెంట్లీలూ చిక్కుకోగా, చట్రం వంగి, హెడ్‌లైటు పగిలిన ఒక్క కారును శామీ డేవిస్ ఆ గుట్టలోంచి బయటికి లాగి, డాక్టర్ బెంజాఫీల్డ్‌తో కలిసి తెల్లవార్లూ తోలి పందెం నెగ్గడం మోటారు చరిత్రలోనే సాటిలేని ఘట్టం. రోల్స్-రాయిస్ అభిమానులు 1907లో సిల్వర్ ఘోస్ట్ దాదాపు 15,000 మైళ్ళు చేసిన పరీక్షా ప్రయాణాన్ని దీనికి పోటీగా చూపుతారు. అది గొప్పదే గాని, అక్కడ చీకటిలో ప్రాణం ఒడ్డవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

తరువాతి కాలపు కార్లలో ఉదాహరణగా జాగ్వార్ ఇ-టైప్ ఒక్కటి చాలు. విమాన పరిశ్రమ నుంచి వచ్చిన మాల్కమ్ సేయర్ దాని వంపులను గణితంతో లెక్కకట్టాడు. 1961 మార్చిలో జెనీవాలో అది తొలిసారి కనిపించి సంచలనం రేపినప్పుడు మరో కారు తక్షణం కావాలని కబురు రాగా, జాగ్వార్ పరీక్షా డ్రైవరు నార్మన్ డ్యూయిస్ కోవెంట్రీ నుంచి రాత్రికి రాత్రి దానిని తోలుకుంటూ చేరాడు. ఇలాంటి పేరున్న కార్లే ఇప్పుడు ఎక్కువగా అపచారానికి గురవుతున్నాయి.

డబ్బు వెంట నకిలీ రావడంలో వింత లేదు, కాని దానికి అభిరుచి అనే పేరు పెట్టడం సహించరానిది. హూపర్ వంటి వారు కట్టిన మూసిన బాడీలను పీకి పారవేసి, ఆ ఛాసీ మీద లె మాన్ పందెపు కారును పోలిన తొట్టిని బిగించి, పక్కన ఒక నంబరు రాసి, అది వీరుల కారన్నట్టు ఊరేగించేవారు ఎంతమందో. అలా నాశనమైన యాష్ చట్రాలను, తోలు సీట్లను, చెక్క డాష్‌బోర్డులను తిరిగి ఎవరూ తెచ్చి ఇవ్వలేరు. కంపెనీలు సైతం ఈ బాటే పట్టాయి: జాగ్వార్ తొమ్మిది ఎక్స్.కె.ఎస్.ఎస్. కార్లను, బెంట్లీ పన్నెండు ‘బ్లోయర్’ కార్లను ఇటీవల కొత్తగా కట్టి, ‘కొనసాగింపు’ అనే మర్యాదకరమైన పేరుతో అమ్మాయి. వాటి పనితనానికి వంక పెట్టలేము, అయినా పాతకాలపు దెబ్బలు తినని కారును ఆ కాలపు కారని ఎలా ఒప్పుకోవడం? 1929, 1930 సంవత్సరాలలో లె మాన్ నెగ్గిన ‘ఓల్డ్ నంబర్ వన్’ బెంట్లీ భాగాలు చాలావరకు మారిపోయినా, దాని చరిత్ర ఎక్కడా తెగలేదు కనుక అది ఆ కారేనని 1990లో లండన్ హైకోర్టు తీర్పు చెప్పింది. ఈ విషయంలో న్యాయస్థానం వర్తకులకంటె మెరుగైన అభిమాని అనిపించుకుంది. ఇక ఇంజనును పీకి బ్యాటరీలు పెట్టి దానిని పునరుద్ధరణ అనేవారి సంగతి మాట్లాడకపోవడమే మేలు.

తెలుగువారికి ఈ సంపద పరాయిది కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారైన పసుపుపచ్చని సిల్వర్ ఘోస్ట్ ఆయన మరణించిన తరువాత గాని హైదరాబాదు చేరలేదు. బహు తక్కువ తిరిగిందని చెప్పే ఆ కారు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. అయితే తెలుగు ఊళ్ళ వీధులకు అంతకంటె దగ్గరిది అంబాసిడర్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనాగా మొదలై, కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో 2014 దాకా తయారైన ఆ కారులో దశాబ్దాలపాటు ఉన్నది 1,489 సి.సి. బి-సిరీస్ ఇంజను, ఇంగ్లండులో ఎం.జి.ఎ. స్పోర్ట్స్ కారుకు మొదట బిగించినది ఆ కుటుంబపు ఇంజనే. అక్కడ అభిమానులు విద్యార్థులను చేర్చుకుని, డబ్బు పోసి నేర్పించుకుంటున్న విద్యను ఇక్కడి షెడ్లలో ముసలి మేస్త్రీలు ఏ పట్టా లేకుండా చేతుల్లో దాచుకున్నారు. ఒక్కొక్కరే షెడ్డు మూసి వెళ్ళిపోతున్నారు. అంబాసిడర్ల మీద, స్టాండర్డ్ హెరాల్డ్‌ల మీద మోజుపడి, మెరిసే రంగులకు లక్షలు పోస్తున్న హైదరాబాదు, విజయవాడ, విశాఖ అభిమానులు అందులో కొంత సొమ్మును ఒక కుర్రవాడి జీతానికి కేటాయించి, వాల్వులు సవరించడం, బేరింగు గీకడం, కార్బ్యురేటరు విని దిద్దడం వచ్చేదాకా అతన్ని ఆ మేస్త్రీల పక్కన కూర్చోబెట్టాలి. అది వచ్చే ఏడాది చేద్దామని వాయిదా వేయదగిన పని కాదు.