నవలలయందలి యనుకరణభాష: వేసవి పఠన విమర్శనము

వేసవి సెలవులు పండితులకుఁ గథాపఠనమునకుఁ దగిన కాలము. భువనగిరి దుర్గము ఏకశిలపై వెలసినది. పగలెల్లఁ గాఁగిన యా ఱాయి నడురేయిదాఁక వేఁడిమి విడువదు. అట్టి దినములందు ఫక్కికావిచారముకంటెఁ గథయే మనస్సున కూఱట గూర్చును. ఈ వేసవియందు నేను వరుసగాఁ జదివిన నవలలు నాలుగు: కందుకూరి వీరేశలింగముగారి రాజశేఖరచరిత్రము (1880), ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి (1922), వట్టికోట ఆళ్వారుస్వామిగారి ప్రజల మనిషి (1955), దాశరథి రంగాచార్యగారి చిల్లర దేవుళ్ళు (1969). వీనిలోఁ దుది రెండును తెలంగాణపు బ్రదుకును జెప్పునవి. ఇవి రెండును గ్రామ్యభాషాభూయిష్ఠములని మనలోఁ గొందఱు విద్యార్థుల కందనీయరు. ఆ యాక్షేపము నిలుచునా, నిలువదా యనునదే యీ వ్యాసమునకు విషయము.

మొదట నామమును గూర్చి యొకమాట. 1872లో నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారు తమ శ్రీరంగరాజచరిత్రమును నవీనప్రబంధ మనిరి. వీరేశలింగముగారు తమ గ్రంథమును వచనప్రబంధ మనిరి. నవల యను పేరు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారి కలమునుండి వచ్చినది. కర్ణాటులును మహారాష్ట్రులును బాణుని కృతిపేరు గ్రహించి దీనిని కాదంబరి యందురు. వంగీయులును హిందీవారును ఉపన్యాస మందురు. తెలుఁగున నుపన్యాసమనఁగా సభలోఁ జేయు ప్రసంగము. మన నవలలలోఁ గొన్ని యీ రెండర్థములకును ఒక్కమాఱే తగియుండుట ముందు చూడఁగలము. ఆఖ్యాయికను నాయకుఁడే చెప్పవలెననియుఁ గథను ఇతరులు చెప్పవలెననియు భామహుఁడు చేసిన భేదమును దండి నిరాకరించెను. చెప్పువాఁ డెవఁడను విచారము ఆయన త్రోసివేసినను, నోటఁ బలికిన మాట యెవరిదను విచారము నవలయందుఁ ద్రోసివేయరానిది.

పూర్వపక్షము వారి వాదమిది: గ్రామ్యము కావ్యదోషము. ఉర్దూ పదములు కలసిన పల్లెమాట విద్యార్థి చెవిఁబడినచో వాని వాక్యరచన చెడును. భావమే ప్రధానము గాన దానిని శిష్టభాషలోనే చెప్పవచ్చును.

దీనికి సమాధానము మన శాస్త్రముననే కలదు. ఋఌక్ సూత్రభాష్యమున ఋతకుఁ డనుటకు శక్తిచాలక ఌతకుఁ డనిన స్త్రీ మాటయు, ఆమె మాట ననుకరించినవాని మాటయు విచారింపఁబడినవి. అశక్తిచేఁ బలికిన మాట వేఱు, దాని ననుకరించుట వేఱు. అనుకరణమునకు సైతము వర్ణోపదేశము కావలెనా యని యంత సూక్ష్మముగాఁ జర్చించిన శాస్త్రము, అనుకరించినవానిని అజ్ఞుఁడని కొట్టివేయలేదు. యర్వాణస్తర్వాణులను ఋషుల కథయు భాష్యముననే యున్నది. వారు లోకవ్యవహారమున నపశబ్దము పలికిరి, యజ్ఞకర్మయందుఁ బలుకరైరి. కనుక దోషవిచారమునకు స్థలభేదము ప్రమాణము. రూపకములలో రాజు సంస్కృతమును, స్త్రీలును సేవకులును ప్రాకృతమును బలుకుట యెఱిఁగియు, తెలుఁగు నవలలో జీతగాఁడు దేశ్యము పలికిన మనము కోపించుట న్యాయము కాదు. నవలలోఁ గవివాక్యము యజ్ఞకర్మ వంటిది, పాత్రముల సంభాషణము లోకవ్యవహారము. మొదటిదానికి సాధుత్వమును, రెండవదానికి యథార్థతయును లక్షణములు.

ఈ కొలతతో నాలుగు గ్రంథములను జూతము. రాజశేఖరచరిత్రమున బంగారము చేసెదనని మోసగించు యోగి మొదలుకొని యింటి ముఖస్తుతిపరులదాఁక అందఱును నొకే గ్రాంథికము పలుకుదురు. యజమానుఁడును సేవకుఁడును ఒకే సంధినియమమును బాటింతురు. కథ చక్కనిది, లోకజ్ఞానము మెండు, కాని మాటను బట్టి మనిషిని గుర్తింపలేము. ఈ కవియే ప్రహసనములందుఁ బాత్రోచితభాష వాడినవాఁడు. కావున నిది శక్తిలోపము గాదు, ఆ కాలమున వచనప్రబంధమునకు విధించుకొన్న నియమము.

మాలపల్లి యా నియమమును దాఁటినది. కారాగారమున వ్రాయఁబడి, మద్రాసు ప్రభుత్వముచే నిషేధింపఁబడిన యీ నవలలో గుంటూరుసీమ పల్లెపలుకు తొలిసారి కథకుఁ బ్రాణమైనది. సంగదాసు మరణఘట్టము చదివి చలింపనివాఁ డుండఁడు. కాని రామదాసు వేదాంతప్రసంగములు దీర్ఘములు. భక్తుఁడు గాన నాతఁడు తత్త్వము పలుకుట యుచితమే. పుటలు గడచుకొలఁది ఆతని గొంతు మఱుగై గ్రంథకర్త గొంతు వినవచ్చును. ఇచ్చట నవల ఉపన్యాసమైనది.

ప్రజల మనిషిలోఁ గంఠీరవము వెట్టికి నెదురు నిలిచి పల్లె నేకము చేయుచున్నపు డీ దోషమే కొంత తగులును. అయినను ఆ గ్రంథకర్త నల్లగొండ మట్టిలోఁ బుట్టినవాఁడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి పుస్తకములను ఊరూరికిఁ జేర్చినవాఁడు. దొర గడిముందు నిలుచువారి మాటలు ఆయన చెవిన బడినవే గాని కల్పించినవి కావు. ఆయన రెండవ నవల గంగు 1961లోఁ గలిగిన మరణముచే నసంపూర్ణమైనది. అది పూర్తియైనచో నీ లోపము తీఱియుండునని నా నమ్మకము.

నాలుగింటిలోఁ జిల్లర దేవుళ్ళ నేను ప్రథమగణ్యముగా నెంచెదను. కోస్తాసీమనుండి వచ్చిన పాణియను గాయకుఁడు తెలంగాణపు గడిలోఁ బ్రవేశించును. అతని తెలుఁగు నొకటి, ఊరివారి తెలుఁగు వేఱొకటి. రెండును బ్రక్కబ్రక్క నిలుచుటచేఁ జదువరి తానే భేదము గ్రహించును. గ్రంథకర్త వ్యాఖ్యానము చేయఁబనిలేదు. కవివాక్యము శిష్టవ్యావహారికమున నడచును, పాత్రము పలికినప్పుడు ఊరిమాట వినఁబడును. చెప్పఁబడిన స్థలభేదమునకు నింతకంటె మంచి యుదాహరణము తెలుఁగున నేను జూడలేదు. ఈ గ్రంథకర్తయే వేదములను దెనిఁగించిన పండితుఁడు. శిష్టభాష రాక దేశ్యమును బట్టెనని యెవ్వరు ననఁజాలరు. పేరును జూడుఁడు: క్షుద్రదేవత లనినచో భూతప్రేతములు తోఁచును. చిల్లర యనినచోఁ బెద్దనాణెము వేఱొకచోట నున్నదను ధ్వని కలుగును. గ్రామమున దేవుఁడై కూర్చున్న దొరకుఁ బైన నింకొక ప్రభువు గలఁడు.

భావమే చాలును, మాట మార్చవచ్చు ననువారికి నొక్క వాక్యము చూపెదను. తెలంగాణపు పల్లెలలో నొకనాఁడు దొరయెదుట నెల్లరును బలికిన మాట ‘బాంచెను, నీ కాల్మొక్కుత’ అనునది. దీనిని ‘దాసుఁడను, నీ పాదములకు మ్రొక్కెదను’ అని మార్చినచో దోషమేమి? దాసశబ్దమునకు భక్తి పరిమళము గలదు. వైష్ణవుఁడు సంతోషముతో దాసోహ మనును. బాంచ యనునది బానిసకుఁ బేరు, అందు భయము తప్ప మధురిమ లేదు. మఱియు వ్యాకరణము చూడుఁడు. దాసుఁడను, బంటును అనుచోట్ల వలె నిచ్చట తుది ‘ను’కారము ఉత్తమపురుషను దెలుపును. అహంభావమునకుఁ దావులేని యా వాక్యమున ‘నేను’ అను కర్తృపదము వినఁబడదు. కాని యా యొక్క యక్షరమున మనిషి మిగిలియున్నాఁడు. ఆ ‘ను’కారము తలయెత్తిన కథయే యీ రెండు నవలలును. శిష్టీకరణము చేసినచో ఛాయ పోవును, ఛాయతోఁ గథయు బోవును.

ఉర్దూ మిశ్రణమును గూర్చి యంటిమి. నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధన యుర్దూలోనే సాగినది. గిర్దావరు, అమీను, మాలీపటేలు అను మాటలు ప్రజ కోరి తెచ్చుకొన్నవి కావు, అధికారముతో నింటికి వచ్చినవి. వానిని దీసివేసిన నవల ఆ యధికారమును సైతము మఱుఁగుపఱచును.

ఈ విచారమునకుఁ దొందరయు నున్నది. 1944లో ఆంధ్రమహాసభ పదునొకండవ సమావేశము భువనగిరిలో రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతను జరిగినది. సభ రెండుగాఁ జీలినదియు నిచ్చటనే. అప్పటి బ్రదుకు నెఱిఁగినవారు నేఁడు మిక్కిలి కొలఁది. 2016లో యాదాద్రి భువనగిరి యను పేర వేఱు జిల్లాయైన యీ ప్రాంతపు బాలురను భగేలా యననేమి, నాగు వడ్డి యననేమి, ఆడబాప యననేమి యని యడిగినచోఁ జెప్పఁగలవారు తఱుచుగాఁ గానరారు. అప్పు తీఱుదాఁక దొర పొలమున నూడిగము చేయువాఁడు భగేలా. అప్పుగాఁ దెచ్చిన గింజలకుఁ గొలిచి యిచ్చు వడ్డి నాగు. దొరకూఁతురితో నత్తవారింటికిఁ బంపఁబడు దాసి ఆడబాప. ఆచారములు నశించుట శుభమే. పేరులు నశించినచో నా యాచారములు జరిగినవను నెఱుకయు నశించును.

శబ్దములను వైయాకరణుఁడు చేయఁడు, లోకము చేయును. ఆతని పని యెఱుఁగుటయు నెఱిఁగించుటయు నని పతంజలి మతము. కనుకఁ బాఠశాల పండితులకు నా విన్నపము: వచ్చు వేసవికి ముందే ప్రజల మనిషిని మొదటను, చిల్లర దేవుళ్ళను పిమ్మటను విద్యార్థుల చేతఁ బెట్టుఁడు. తెలియని మాట కొక గీఁటు పెట్టించి, యింటఁ బెద్దవారి నడిగి యర్థము వ్రాసి తెమ్మనుఁడు. వాక్యరచన చెడునను భయమున్నచోఁ గవివాక్యమేది, యనుకరణమేది యని విడఁదీయుట నేర్పుఁడు. ఆ వివేకము గలిగిన విద్యార్థికి గ్రామ్యమువలన హాని లేదు. అది లేనివానికి గ్రాంథికముననైన రక్షణము లేదు.